గ్రాఫిక్స్ కార్డు పాస్‌త్రూ కోసం పీసీ కొంటున్నారా? ముందు మదర్‌బోర్డు తేల్చుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఉద్యోగం పనంతా లైనక్స్‌లోనే. ఆర్కిటెక్చర్ చదువుతున్న తమ్ముడికి రెవిట్ (బిల్డింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్), ల్యూమియన్ (దాని బొమ్మలు రెండర్ చేసేది) కావాలి, అవి విండోస్‌లోనే నడుస్తాయి. రాత్రిళ్లు ఇద్దరికీ గేములు కావాలి. డ్యూయల్ బూట్‌తో విసిగిపోయారు, రెండో పీసీకి ఇంట్లో చోటు లేదు. అందుకని లైనక్స్‌లోనే ఉండే కేవీఎం అనే సౌకర్యంతో విండోస్ వర్చువల్ మెషీన్ (వీఎం) పెట్టి, గ్రాఫిక్స్ కార్డును నేరుగా దానికే ఇచ్చేయాలనుకుంటున్నారు. దీన్నే పాస్‌త్రూ అంటారు. రాసుకున్న లిస్టు: ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, బీ660 మదర్‌బోర్డు, ఆర్‌టీఎక్స్ 3060 12జీబీ, 16జీబీ ర్యామ్, 1టీబీ ఎన్‌వీఎంఈ. వీటన్నిటిలో మీకున్న సందేహం ఒక్కటే: 3060 తీసుకోవాలా, ఆర్ఎక్స్ 6700 ఎక్స్‌టీ తీసుకోవాలా?

ఈ లిస్టులో పెద్దగా ఆలోచించక్కర్లేనిది ఆ కార్డే. ప్రాసెసర్ తప్పకుండా మార్చాలి, ర్యామ్ పెంచాలి, బోర్డు ఏ కంపెనీ ఏ మోడలో తేల్చకుండా డబ్బు కట్టకూడదు. కార్డు నచ్చకపోతే రేపు అమ్మేసి ఇంకోటి పెట్టుకోవచ్చు. బోర్డు తేడా వస్తే మొత్తం విప్పాలి. అందుకే నేను ఎవరికి చెప్పినా బోర్డుతో మొదలుపెట్టమంటాను.

ఎందుకో అర్థం కావాలంటే లోపల జరిగేది కొంచెం తెలియాలి. పాస్‌త్రూలో హోస్ట్, అంటే పీసీని నడిపే అసలు లైనక్స్, ఆ కార్డును వాడదు. బూట్ అయ్యేటప్పుడే వీఎఫ్ఐఓ డ్రైవర్ కార్డును తన చేతిలోకి తీసుకుని ఉంచుతుంది, వీఎం లేవగానే దానికి అప్పగిస్తుంది. 2012లో వచ్చిన లైనక్స్ కెర్నల్ 3.6 నుంచీ ఈ ఏర్పాటు ఉంది. విండోస్ తన మామూలు ఎన్‌విడియా డ్రైవరే వేసుకుని కార్డుతో నేరుగా పని చేయించుకుంటుంది. చిక్కు ఎక్కడంటే, గ్రాఫిక్స్ కార్డు ప్రాసెసర్‌ను అడగకుండానే ర్యామ్‌లో చదువుతుంది, రాస్తుంది. వీఎం తనదనుకునే మెమరీ అడ్రసు వేరు, అసలు ర్యామ్‌లో అది ఉండే అడ్రసు వేరు. కాబట్టి కార్డు వేసే ప్రతి అడుగులో అడ్రసు మార్చి చూపించడానికి, పక్కవాళ్ల మెమరీలోకి పోకుండా ఆపడానికి మధ్యలో ఒక హార్డ్‌వేర్ కావాలి. అదే ఐఓఎంఎంయూ. ఇంటెల్ దీన్ని వీటీ-డీ అంటుంది, ఏఎండీ వాళ్లు ఏఎండీ-వీఐ అంటారు.

షాపులో జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడే. "వర్చువలైజేషన్ సపోర్ట్ ఉందా?" అని అడిగితే కౌంటర్ మీద కుర్రాడు కళ్లు మూసుకుని "ఉంది సార్" అంటాడు. ఆయన చెప్పేది వీటీ-ఎక్స్ గురించి. అది మామూలు వీఎం నడపడానికి. మనకు కావాల్సింది వీటీ-డీ. ఇప్పటి కోర్ ప్రాసెసర్లలో రెండూ ఉంటున్నాయి కాబట్టి కొత్తది కొంటే టెన్షన్ లేదు. కానీ ఎవరైనా పాత పీసీ చవగ్గా ఇస్తామంటే చూసుకోండి: ఐ7-2600కే, 3770కే, 4770కే లాంటి ఖరీదైన అన్‌లాక్డ్ చిప్‌లలో ఇంటెల్ వీటీ-డీ తీసేసింది. అదే తరంలో కే లేని మామూలు ఐ7లో మాత్రం ఉండేది. 4790కే వచ్చాక గానీ అది తిరిగి రాలేదు.

ఇక గ్రూపులు. ఐఓఎంఎంయూ ప్రతి పరికరాన్నీ ఎప్పుడూ విడిగా చూడగలదని కాదు. తన కంటబడకుండా తమలో తాము డేటా ఇచ్చిపుచ్చుకోగల పరికరాలన్నిటినీ కెర్నల్ ఒకే గ్రూపుగా కడుతుంది, ఆ గ్రూపు మొత్తాన్నీ ఒకే వైపు ఉంచమంటుంది. పై స్లాట్‌లో గ్రాఫిక్స్ కార్డు, దాని హెచ్‌డీఎంఐ ఆడియో, వాటి పైనున్న పీసీఐఈ బ్రిడ్జ్ (స్లాట్‌ను ప్రాసెసర్‌కు కలిపే భాగం) మాత్రమే ఒక గ్రూపులో ఉంటే అంతా శుభం. బ్రిడ్జ్‌ను వీఎంకు ఇవ్వక్కర్లేదు, అలా వదిలేయొచ్చు. ఆర్‌టీఎక్స్ 20 సిరీస్ కార్డు తీసుకుంటే అందులో యుఎస్‌బీ-సీ కంట్రోలర్ కూడా ఉండవచ్చు, అదీ కార్డుతో పాటే వెళ్లాలి. అలా కాకుండా మీ కార్డు ఉన్న గ్రూపులోనే సాటా కంట్రోలర్, ల్యాన్ చిప్, సగం యుఎస్‌బీ పోర్టులు ఉన్నాయనుకోండి. కార్డు వీఎంకు ఇవ్వాలంటే హోస్ట్ హార్డ్ డిస్కు, నెట్, కీబోర్డు అన్నీ దాంతో పంపాలి. వీఎం స్టార్ట్ నొక్కిన మరుక్షణం లైనక్స్ బిగుసుకుపోతుంది.

ఏ బోర్డులో గ్రూపులు ఎలా ఉంటాయన్నది ప్రధానంగా రెండు విషయాల మీద ఆధారపడుతుంది: ఆ స్లాట్ నేరుగా ప్రాసెసర్‌కు కలిసి ఉందా, చిప్‌సెట్ (బోర్డు మీద మిగతా పోర్టులను చూసుకునే చిప్) గుండా వస్తోందా అన్నది ఒకటి; దాని పైనున్న పోర్టుకు ఏసీఎస్ అనే విడదీసే సౌకర్యం ఉందా అన్నది రెండోది. ఏఎండీ ఏఎం4 సాకెట్ బోర్డుల్లో ఈ తేడా బాగా కనిపిస్తుంది. ఎక్స్570 చిప్‌సెట్‌లో కింది స్లాట్లు, పోర్టులు కూడా చాలావరకు విడివిడి గ్రూపుల్లో వస్తాయి. బీ450, బీ550లలో ప్రాసెసర్‌కు కలిసిన మొదటి స్లాట్, మొదటి ఎం.2 శుభ్రంగా విడిగా ఉంటాయి గానీ, చిప్‌సెట్ వెనక ఉన్నవన్నీ సాధారణంగా ఒకే మూటగా వస్తాయి. ఒకప్పుడు ఎక్స్570 బోర్డుల చిప్‌సెట్ ఫ్యాన్ చప్పుడు గురించి అందరూ తిట్టుకునేవాళ్లు. పాస్‌త్రూ చేసేవాళ్లు మాత్రం ఆ చప్పుడు భరించైనా అవే కొన్నారు.

ఇంటెల్ వైపు కథ వేరు. సాధారణ కోర్ ప్రాసెసర్లలో ప్రాసెసర్ నుంచి వచ్చే గ్రాఫిక్స్ పోర్టులకు ఏసీఎస్ లేకపోవడం ఏళ్ల తరబడి ఉన్న తలనొప్పి. బోర్డు ప్రాసెసర్ నుంచి వచ్చే 16 లేన్లను (డేటా వెళ్లే దారులను) 8, 8గా పంచి రెండు పెద్ద స్లాట్లు ఇచ్చిందనుకోండి. ఆ రెండింట్లో పెట్టిన కార్డులు ఒకే గ్రూపులో పడే ప్రమాదం ఉంటుంది. ఒకటి హోస్ట్‌కు, ఒకటి వీఎంకు అనుకుని కొన్నవాళ్లు అక్కడే ఇరుక్కుంటారు. బీ660లో అయితే ఆ పంపకమే లేదు. 16 లేన్లు మొత్తం పై స్లాట్‌కే, రెండో పొడుగు స్లాట్ ఉంటే అది చిప్‌సెట్ నుంచి వచ్చే నాలుగు లేన్లది. చూడ్డానికి రెండూ ఒకే పొడుగు, లోపల పిన్నులు మాత్రం తక్కువ.

ఇంత చెప్పాక మీ బీ660 పనికిరాదని అనుకోకండి. మీకు ఇవ్వాల్సిన కార్డు ఒక్కటే. అది పై స్లాట్‌లో ఒంటరిగా ఉండి, హోస్ట్ ప్రాసెసర్‌లోని ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్‌తో నడిస్తే ఆ గ్రూపులో సాధారణంగా ఇంకెవరూ ఉండరు. కింది స్లాట్ ఎలా ఉన్నా మీకు పట్టింపు లేదు. కాబట్టి బీ660 చాలు, ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటే. మీరు రాసుకున్న 12400ఎఫ్‌లో ఆ ఎఫ్ అంటే అదే లేదని. కొద్ది డబ్బు ఆదా కోసం ఎఫ్ కొంటే, హోస్ట్‌కు ఇంకో కార్డు కొనాలి, అది పెట్టడానికి ఆ చిప్‌సెట్ స్లాట్ వాడాలి, అక్కడి నుంచి బూట్ డిస్‌ప్లే రప్పించడానికి బయాస్‌తో కుస్తీ పట్టాలి. ఆదా అయినదానికి మించి ఖర్చు. కార్డు ఒక్కటే పెట్టుకుని వీఎం లేచినప్పుడల్లా దాన్ని హోస్ట్ నుంచి లాగేసుకునే పద్ధతి కూడా ఉంది. కానీ తమ్ముడు విండోస్‌లో ఉన్నంతసేపూ మీ లైనక్స్ డెస్క్‌టాప్ ఉండదు. అప్పుడు డ్యూయల్ బూట్‌కూ దీనికీ తేడా ఏముంది?

బోర్డు ఎంచుకునేటప్పుడు నేను చూసేవి చెబుతాను. కంపెనీ సైట్‌లో మాన్యువల్ ఉచితంగా దొరుకుతుంది, కొనే ముందే దించుకోండి. స్పెసిఫికేషన్ల పేజీలో ఏ స్లాట్ ప్రాసెసర్ నుంచి, ఏది చిప్‌సెట్ నుంచి అని రాసి ఉంటుంది. ఏ ఎం.2లో డ్రైవ్ పెడితే ఏ సాటా పోర్టు ఆగిపోతుందో కూడా అక్కడే ఉంటుంది. తర్వాత బయాస్ అధ్యాయానికి వెళ్లి మొదటి డిస్‌ప్లే ఎక్కడ రావాలో ఎంచుకునే ఆప్షన్ ఉందో లేదో చూడండి. గిగాబైట్ బోర్డుల్లో దీన్ని ఇనీషియల్ డిస్‌ప్లే అవుట్‌పుట్ అంటారు, మిగతావాళ్లు ప్రైమరీ డిస్‌ప్లే లాంటి పేర్లు పెడతారు. ఇది లేకపోతే బయాస్ పెద్ద కార్డునే మొదట లేపుతుంది, హోస్ట్ దాన్ని పట్టుకుంటుంది, తర్వాత విడిపించడం ఒక చాకిరీ. ఆ పైన అదే మోడల్, అదే రివిజన్ వాడుతున్నవాళ్లు బయటపెట్టిన గ్రూపుల జాబితా వెతకండి. బయాస్ వెర్షన్ కూడా రాసి ఉంటే ఆ జాబితాకు విలువ ఎక్కువ. ఎందుకంటే బయాస్ మారితే గ్రూపులూ మారొచ్చు. 2019లో ఏఎండీ వాళ్ల అజీసా (బయాస్‌లో ఏఎండీ ఇచ్చే కోడ్) 0.0.7.2 అప్‌డేట్ వేసుకున్న పాత రైజెన్ బోర్డుల్లో పాస్‌త్రూ మొత్తం పడిపోయింది, చాలామంది పాత బయాస్‌కు వెనక్కి వెళ్లారు. అంతా బాగా నడుస్తున్నప్పుడు ఊరికే బయాస్ అప్‌డేట్ చేయకండి. చేయాల్సి వస్తే పాత ఫైలు ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని చేయండి.

"గ్రూపులు బాగాలేకపోతే ఏసీఎస్ ఓవర్‌రైడ్ ప్యాచ్ ఉందిగా" అని ఎవరో ఒకరు చెబుతారు. ఉంది. వీఎంలు నడపడానికే చేసిన ప్రాక్స్‌మాక్స్ అనే లైనక్స్ కెర్నల్‌లో అది కలిపే వస్తుంది. అది చేసేదల్లా, ఈ పరికరాలు విడివిడిగా ఉన్నాయని కెర్నల్‌ను నమ్మించడం. హార్డ్‌వేర్‌లో ఏ గోడా కొత్తగా లేవదు. ఇంట్లో గేముల వీఎంకు చాలామంది వాడుతున్నారు, చాలావరకు బానే నడుస్తోంది. ఉన్న బోర్డుతో సర్దుకోవడానికైతే సరే. కొత్తగా డబ్బు పెట్టేటప్పుడు దాని మీద భరోసా పెట్టుకోవడం నాకు నచ్చదు.

ప్రాసెసర్ విషయానికొస్తే, ఎఫ్ లేని 12400 మీ పనికి కనీసం. ఆరూ పెద్ద కోర్లే కాబట్టి పంపకం తేలిక: నాలుగు వీఎంకు, రెండు హోస్ట్‌కు. కానీ మీరు ఇటు కోడ్ కంపైల్ చేస్తుంటే అటు తమ్ముడు ల్యూమియన్‌లో రెండర్ పెడితే ఇద్దరికీ ఇరుకు. కాస్త బడ్జెట్ ఉంటే నా ఓటు ఐ5-13500కు. అందులో ఆరు పెర్ఫార్మెన్స్ కోర్లు, ఎనిమిది ఎఫిషియెన్సీ కోర్లు, యూహెచ్‌డీ 770 గ్రాఫిక్స్ ఉంటాయి. ఆరు పెద్ద కోర్లనూ వీఎంకే కేటాయించి (పిన్ చేసి), ఎనిమిది చిన్న కోర్ల మీద లైనక్స్‌ను ఉంచొచ్చు. వీఎం లోపలి విండోస్‌కు ఏది పెద్ద కోరో ఏది చిన్నదో మామూలుగా తెలియదు, అందుకే రెండు రకాలూ కలిపి ఇస్తే గేము మధ్యలో కుదుపులు వస్తాయి. ఇలా విడగొడితే ఆ గొడవే ఉండదు. మీరు ఎంచుకున్న బోర్డు బయాస్ ఈ 13వ తరం చిప్‌ను గుర్తుపడుతుందో లేదో మాత్రం సపోర్ట్ లిస్టులో చూసుకోండి. సెకండ్‌హ్యాండ్‌లో 13900కే, 14700కే లాంటివి చవగ్గా కనబడితే తొందరపడకండి. ఆ తరాల ఎక్కువ వాట్ల చిప్‌లు క్రమంగా పాడయ్యే వోల్టేజి సమస్య 2024లో బయటపడింది. ఇంటెల్ మైక్రోకోడ్ అప్‌డేట్లు ఇచ్చింది, వారంటీ కూడా రెండేళ్లు పెంచింది గానీ, అప్పటికే పాడైన చిప్‌ను అప్‌డేట్ బాగు చేయదు.

ఏఎండీ వైపు వెళ్తే రైజెన్ 7 7700 చక్కటి ఎంపిక. ఎనిమిది కోర్లూ ఒకే సిలికాన్ ముక్క మీద ఉంటాయి, చిన్న ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ కూడా ఉంది. 7000 సిరీస్ నుంచి ఎఫ్ అని లేని డెస్క్‌టాప్ రైజెన్‌లన్నిటిలో అది వస్తోంది. హోస్ట్ డెస్క్‌టాప్‌కు అంతకంటే అక్కర్లేదు. 5700జీ కూడా చాలామంది చెబుతారు. దానిలో గ్రాఫిక్స్ ఉన్న మాట నిజమే గానీ పీసీఐఈ 3.0 దగ్గరే ఆగిపోతుంది, ఎల్3 క్యాష్ కూడా 5700ఎక్స్‌లో ఉన్నదానిలో సగమే. 7900ఎక్స్ లాంటివి కొంటే కోర్లు ఆరు, ఆరుగా రెండు ముక్కల మీద ఉంటాయని గుర్తుపెట్టుకోండి. ఒక ముక్క పూర్తిగా వీఎంకు, రెండోది హోస్ట్‌కు ఇవ్వాలి. వీఎం కోర్లు రెండు ముక్కల మీదికీ చెదిరితే క్యాష్ కోసం అటూ ఇటూ తిరగడమే సరిపోతుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, కార్డు. ఒకప్పుడు దీనికి జవాబు "ఏఎండీ కొనండి" అని ఉండేది. వీఎంలో ఉన్నానని పసిగట్టగానే జీఫోర్స్ డ్రైవర్ కోడ్ 43 అని ఎర్రర్ ఇచ్చి పడుకునేది. వీఎం ఉనికిని దాచిపెట్టే సెట్టింగులతో కాలక్షేపం చేసేవాళ్లం. 2021లో 465 సిరీస్ డ్రైవర్‌తో ఎన్‌విడియా వాళ్లే విండోస్ వీఎంలో జీఫోర్స్ పాస్‌త్రూను అధికారికంగా అనుమతించారు. అప్పటి నుంచి ఆ భయం లేదు. పాత వీడియోల్లో కోడ్ 43 గురించి గంట సేపు చెబుతుంటే దాటేయండి.

ఏఎండీ కార్డుల సమస్య ఇంకోటి, రీసెట్. వీఎం ఆపినప్పుడు కార్డు మొదటి స్థితికి రావాలి, లేకపోతే రెండోసారి వీఎం లేవదు. పోలారిస్ అంటే ఆర్ఎక్స్ 480, 580 లాంటివి, వేగా, ఆర్ఎక్స్ 5000 సిరీస్ కార్డులు ఇందులో పేరుమోసినవి. విండోస్ ఒక్కసారి రీస్టార్ట్ అయితే కార్డు మొండికేస్తుంది, మొత్తం పీసీ ఆపి వేయాలి. అంటే మీరు లైనక్స్‌లో తెరిచి పెట్టుకున్న పనంతా పోతుంది. విండోస్ ఎప్పుడు అప్‌డేట్ పెట్టుకుని రీస్టార్ట్ అడుగుతుందో మీకు తెలియనిది కాదు. వెండర్-రీసెట్ అనే కెర్నల్ మాడ్యూల్ వాటిలో చాలావాటికి ఉపశమనం ఇస్తుంది, అయినా కెర్నల్ మారినప్పుడల్లా దాన్ని చూసుకుంటూ ఉండాలి. సెకండ్‌హ్యాండ్‌లో 580 కారుచౌకగా కనబడినా ఈ పనికి వద్దని చెప్పేది అందుకే. మీరడిగిన 6700 ఎక్స్‌టీ ఆ తర్వాతి తరం. 6000 సిరీస్ చాలావరకు సరిగ్గా రీసెట్ అవుతుంది. 7000 సిరీస్‌లో మళ్లీ ఫిర్యాదులు వినిపించాయి, అదే మోడల్ వాడినవాళ్ల మాట వినకుండా కొనకండి.

గేములు మాత్రమే అయితే 6700 ఎక్స్‌టీ వేగం ఎక్కువ, అందులోనూ 12జీబీ ఉంది, అదే తీసుకోమనేవాణ్ని. తమ్ముడి చదువు కూడా ఉంది కాబట్టి 3060 12జీబీ వైపే మొగ్గుతాను. ల్యూమియన్‌లో పెద్ద సీన్ తెరిస్తే ముందు నిండేది వీడియో మెమరీ, రెండింట్లోనూ అది సమానం. కానీ రెండర్ సాఫ్ట్‌వేర్లలో క్యూడా (ఎన్‌విడియా కార్డుల సొంత కంప్యూటింగ్ పద్ధతి) అడిగేవి చాలా ఉంటాయి, ఆర్కిటెక్చర్ చివరి ఏళ్లలో ఏది మీద పడుతుందో ముందే తెలియదు. అదే పేరుతో 8జీబీ 3060 కూడా ఉంది. దానికి మెమరీతో పాటు బస్ వెడల్పు కూడా తగ్గించారు. బిల్లులో 12జీబీ అని రాయించుకోండి. ఇంకో చిన్న లాభం: ఇన్‌బిల్ట్ ఇంటెల్‌దో ఏఎండీదో, పక్కన పెట్టాల్సింది ఎన్‌విడియాది అయితే హోస్ట్‌లో ఎన్‌విడియా డ్రైవర్లే లేకుండా చేసేయొచ్చు. హోస్ట్ గ్రాఫిక్స్, వీఎం కార్డు రెండూ ఏఎండీవే అయితే రెండిటికీ ఒకే డ్రైవర్, అది పరిగెత్తుకెళ్లి రెండిటినీ పట్టుకుంటుంది. దాన్ని ఆపొచ్చు గానీ అదనపు పని. పోతే, హోస్ట్‌కు ఒకటి వీఎంకు ఒకటి అని ఒకే మోడల్ కార్డులు రెండు కొనకండి. రెండిటి ఐడీ ఒకటే కాబట్టి ఐడీతో ఒకదాన్ని విడదీయలేరు.

లేన్లు తక్కువున్న కార్డుల సంగతి ఒక్క మాట. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ పెద్ద స్లాట్‌లో పెట్టినా నాలుగు లేన్లే వాడుతుంది, పీసీఐఈ 3.0 బోర్డులో అది బాగా దెబ్బతింటుంది. 3060కి ఆ సమస్య లేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దాదాపు అందరూ మరిచిపోయేది మానిటర్. వీఎంకు ఇచ్చిన కార్డు బొమ్మ ఆ కార్డు వెనక పోర్టులోంచే బయటికొస్తుంది, లైనక్స్ కిటికీలో కనబడదు. కాబట్టి రెండు ఇన్‌పుట్‌లున్న మానిటర్ కావాలి. ఒక కేబుల్ మదర్‌బోర్డు వెనక, ఒకటి కార్డు వెనక. మీరు చూస్తున్న బోర్డు వెనక మానిటర్‌కు సరిపడే పోర్టు ఉందో లేదో చూడండి, కొన్ని చవక బోర్డుల్లో వీజీఏ, ఒక పాతకాలపు హెచ్‌డీఎంఐ తప్ప ఏమీ ఉండవు. మీరూ తమ్ముడూ ఒకేసారి పని చేయాలంటే మానిటర్లు, కీబోర్డులు రెండేసి ఎలాగూ కావాలి. ఒక్కరే వాడేటప్పుడు లుకింగ్ గ్లాస్ అనే సాఫ్ట్‌వేర్‌తో వీఎం బొమ్మను లైనక్స్ కిటికీలోకే రప్పించుకోవచ్చు. అప్పుడు కార్డు పోర్టులో ఒక డమ్మీ హెచ్‌డీఎంఐ ప్లగ్ పెడితే అక్కడ మానిటర్ ఉందని విండోస్ అనుకుంటుంది.

యుఎస్‌బీకి కూడా ఇదే లెక్క. కీబోర్డు, మౌస్ లాంటివి ఒక్కొక్కటిగా వీఎంకు ఇవ్వొచ్చు గానీ, తీసి పెట్టినప్పుడల్లా తంటా. ఒక యుఎస్‌బీ కంట్రోలర్ మొత్తాన్ని ఇచ్చేస్తే తమ్ముడు పెన్‌డ్రైవ్ పెట్టినా హెడ్‌సెట్ పెట్టినా నేరుగా విండోస్‌లోకి వెళ్తుంది. ఏఎండీ ప్రాసెసర్ల లోపల ఉన్న యుఎస్‌బీ కంట్రోలర్ సాధారణంగా విడి గ్రూపులో దొరుకుతుంది. ఇంటెల్ బోర్డుల్లో పోర్టులన్నీ ఎక్కువగా చిప్‌సెట్‌లోని ఒకే కంట్రోలర్ కింద ఉంటాయి, దాన్ని ఇస్తే మీకు ఏమీ మిగలదు. చిన్న స్లాట్‌లో రెనెసాస్ చిప్ ఉన్న యుఎస్‌బీ కార్డు పెట్టుకోవచ్చు, ఆ స్లాట్ గ్రూపు సహకరిస్తే.

ర్యామ్ 16జీబీ అస్సలు చాలదు. మామూలు వీఎంకు 16జీబీ రాసినా అది వాడినంతే హోస్ట్ నుంచి తీసుకుంటుంది. పాస్‌త్రూ వీఎం అలా కాదు. కార్డు ఏ క్షణాన ఏ పేజీలో రాస్తుందో తెలియదు కాబట్టి ఇచ్చిన మెమరీ మొత్తాన్ని వీఎం లేవగానే కదలకుండా కట్టేస్తారు. బెలూనింగ్ (వాడని మెమరీని వెనక్కి తీసుకోవడం), స్వాప్ (డిస్కు మీదికి నెట్టడం) ఏవీ దానికి పనిచేయవు. విండోస్‌కు 16 ఇస్తే మీ లైనక్స్‌కు ఆ 16 లేనట్టే. కనీసం 32, ల్యూమియన్ గట్టిగా వాడితే 64. రెండు స్టిక్స్‌గా కొని రెండు స్లాట్లు ఖాళీ ఉంచుకోండి. డీడీఆర్5 అయితే నాలుగూ నింపినప్పుడు వేగం తగ్గించి నడపాల్సి వస్తుంది కాబట్టి మొదటే పెద్ద స్టిక్స్ మేలు.

స్టోరేజీకి ఒక 1టీబీని ఇద్దరూ పంచుకునే బదులు విండోస్‌కు విడిగా ఇంకో ఎన్‌వీఎంఈ ఇవ్వండి. దాన్నీ పాస్‌త్రూ చేస్తే మంచి సౌకర్యం ఒకటుంది: వీఎం ఏదైనా మొరాయించిన రోజు అదే డ్రైవ్ నుంచి పీసీని నేరుగా విండోస్‌లోకి బూట్ చేయొచ్చు. సబ్మిషన్ ముందు రోజు తమ్ముడికి ఇది చాలా అవసరం. రెండు డ్రైవ్‌లూ వేరు వేరు మోడల్స్ తీసుకోండి, కారణం పైన కార్డులకు చెప్పిందే. విండోస్ 11 అడిగే టీపీఎం (సెక్యూరిటీ చిప్) గురించి హార్డ్‌వేర్ ఏమీ కొనక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ టీపీఎం సరిపోతుంది. నెట్‌వర్క్‌కు లైనక్స్‌లో పెట్టే సాఫ్ట్‌వేర్ బ్రిడ్జ్ చాలు.

పవర్ సప్లై మంచి కంపెనీ 650 వాట్లది చాలు, 3060 తాగేది 170 వాట్లే. కరెంటు పోయే ఏరియా అయితే యూపీఎస్ ఉండాల్సిందే. రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఒకేసారి పడిపోతే రెండు డిస్కులూ బాగుచేసుకోవాలి. మే నెలలో ఏసీ లేని గదిలో ఉంచితే ముందు రెండు ఫ్యాన్లు గాలి లాగే క్యాబినెట్ చూసుకోండి, ముందంతా అద్దం పెట్టినవి వద్దు.

బడ్జెట్ మరీ గట్టిగా ఉంటే ఇంకో దారి ఉంది. సికింద్రాబాద్ సీటీసీలోనో, ఢిల్లీ నెహ్రూ ప్లేస్ నుంచి తెప్పించేవాళ్ల దగ్గరో కంపెనీలు వదిలేసిన జియాన్ (ఇంటెల్ సర్వర్, వర్క్‌స్టేషన్ ప్రాసెసర్) వర్క్‌స్టేషన్లు దొరుకుతాయి. హెచ్‌పీ జెడ్440 లాంటివి, జియాన్ ఈ5 వీ3, వీ4 చిప్‌లతో. ప్రాసెసర్ నుంచే 40 లేన్లు, స్లాట్లకు ఏసీఎస్ ఉంటుంది, గ్రూపులు అద్దంలా విడిగా వస్తాయి. పాస్‌త్రూకు వీటికి మించిన చవక బేరం లేదు. మైనస్‌లు: ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి హోస్ట్‌కు జీటీ 710 లాంటి చిన్న కార్డు కావాలి, ఒక్కో కోర్ వేగం ఇప్పటి ఐ5 కంటే చాలా తక్కువ, కరెంటు ఎక్కువ, పవర్ సప్లై వాళ్ల సొంత ఆకారం కాబట్టి కార్డుకు సరిపడే కనెక్టర్లు ఉన్నాయో లేదో చూసుకోవాలి. రెవిట్ ఎక్కువగా ఒక కోర్ వేగం మీదే ఆధారపడుతుంది. మీ ఇంట్లో ఉన్న అవసరానికి నేనైతే కొత్త ఐ5కే వెళ్తాను. ల్యాప్‌టాప్‌లో చేద్దామన్న ఆలోచన ఉంటే మానుకోండి. చాలా ల్యాప్‌టాప్‌లలో పెద్ద కార్డు తెరకు నేరుగా కలిసే ఉండదు.

డబ్బు పెట్టే ముందు తమ్ముడిని ఏ గేములు ఆడతాడో అడగండి. వాలరెంట్ అంటే గేముల వరకు ఇదంతా వృథా. దాని వ్యాన్‌గార్డ్ అనే యాంటీ-చీట్ సాఫ్ట్‌వేర్ వీఎంలో నడవనివ్వదు. మోసం చేసి నడిపితే ఖాతా పోతుంది. ఆన్‌లైన్ పోటీ గేముల్లో ఇంకొన్ని కూడా ఇదే బాపతు. ఒక్కడే ఆడే గేములయితే ఇబ్బంది లేదు, వాటిలో చాలావరకు ప్రోటాన్ (విండోస్ గేములను లైనక్స్‌లో నడిపే సాఫ్ట్‌వేర్)తో లైనక్స్‌లోనే నడుస్తాయి కూడా. మీ విషయంలో వీఎం పెట్టడానికి గట్టి కారణం రెవిట్, ల్యూమియన్‌లే.

సామాను వచ్చాక విండోస్ ఇన్‌స్టాల్ చేయడానికి తొందరపడకండి. ఆన్‌లైన్‌లో కొన్నా షాపులో కొన్నా బోర్డు వాపసు తీసుకునే గడువు కొద్ది రోజులే ఉంటుంది. కార్డు పై స్లాట్‌లో పెట్టి, బయాస్‌లో వీటీ-డీ, ఎబోవ్ 4జీ డీకోడింగ్ ఆన్ చేసి, మొదటి డిస్‌ప్లేను ఇన్‌బిల్ట్‌కు మార్చి, ఏదో ఒక లైనక్స్ లైవ్ యుఎస్‌బీతో బూట్ చేయండి. ఇంటెల్ అయితే కెర్నల్ లైన్‌లో intel_iommu=on అని చేర్చడం మరిచిపోవద్దు, ఏఎండీలో అది దానంతటదే ఆన్ అవుతుంది. గ్రూపుల జాబితా తీసి 3060 గ్రూపులో దాని ఆడియో, బ్రిడ్జ్ తప్ప ఇంకేమైనా ఉన్నాయేమో చూడండి. ఉంటే, ఆ రోజే బోర్డును పెట్టెలో పెట్టి వాపసు పంపండి.